తామరబోదె మర్యాద

వెంకట్రాజుకు ఆ ఏడు కావలసింది ఒక్కటంటే ఒక్క ‘వద్దు’. ఎవరైనా సరే, మొహం ముడుచుకుని అన్నా సరే, నీళ్ళు నములుతూ అన్నా సరే, ‘మాకిష్టం లేదండి’ అని ఒక్కరంటే చాలు, ఆయన చేను ఆయనకు మిగులుతుంది. ఆ మాట కోసం ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగాడు పాపం. వెళ్ళిన ప్రతి ఇంటా కుర్చీ దులిపి వేశారు, ఫ్యాను ఆయన వైపు తిప్పారు, చిక్కటి కాఫీ ఇచ్చారు. అడిగింది మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. అసలు ఆయన నోరు తెరిచి అడిగితేగా!

గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగుతుంటే తామరబోదె అని చేలకు నీళ్ళిచ్చే చిన్న పంటబోదె ఒకటుంది. దాని కింద నలభై ఎకరాల చిల్లర వరిచేలు, పదీ పన్నెండు కుటుంబాలవి. వాటికి అటూ ఇటూ కనుచూపు మేర చేపల చెరువులే. గట్ల మీద మేత బస్తాలు, రేకుల షెడ్లు, పిట్టలు వాలకుండా నీళ్ళ మీద అడ్డదిడ్డంగా కట్టిన దారాలు. ఒకప్పుడు అవన్నీ చేలే. ఒకడు తవ్వితే ఊట పక్కవాడి చేలోకి చేరుతుంది, పక్కవాడి వరి కుళ్ళుతుంది, చేసేది లేక వాడూ తవ్వుతాడు, ఆ తర్వాత వాడి పక్కవాడు. అలా ఊళ్ళకు ఊళ్ళే నీళ్ళయిపోయాయి. తామరబోదె చేలు మాత్రం మధ్యలో పచ్చగా నిలబడ్డాయి. చుట్టూ మురుగునీళ్ళు పోయే కోడు అడ్డుండడం ఒక కారణం. అసలు కారణం అది కాదు, మా మర్యాద అంటాడు వెంకట్రాజు.

ఆ మర్యాద సంగతి కాస్త చెప్పాలి. వెంకట్రాజు మీసం నల్లగా ఉన్న రోజుల్లో ఒకసారి కాలువకు నీళ్ళు తగ్గి, ఎగువవాళ్ళు బోదెను కట్టేసుకుంటే, బోదె చివరనున్న శివారువాళ్ళు పారలు పట్టుకొచ్చారు. రెండు తలలు పగిలాయి. తలలకు కుట్లు పడ్డాక వెంకట్రాజే అందరినీ గట్టు మీద కూర్చోబెట్టి ఒక కట్టుబాటు చేయించాడు. బోదెకు నీళ్ళొస్తే ముందు శివారు చేనుకే పోవాలి. ఎగువవాడు తన తూముకు గడ్డీ మట్టీ అడ్డం కొట్టి కూర్చోవాలి. శివారు రైతు ‘చాలండి’ అని కబురు పెట్టాకే పైవాడు, వాడి తర్వాత ఆ పైవాడు. చిత్రమేమిటంటే, ఎగువవాళ్ళు కాచుక్కూర్చున్నారు కదా పాపమని, శివారువాడు చేను పూర్తిగా తడవకముందే చాలనేస్తాడు. ఎగువవాడు ఆ ‘చాలు’ నమ్మక, ఇంకాస్త పెట్టుకోండి మాకేం తొందర అంటాడు. పక్క ఊళ్ళవాళ్ళు దీన్ని తామరబోదె మర్యాద అని కొంత మెచ్చుకోలుగా, కొంత ఎకసెక్కంగా చెప్పుకుంటారు. ఎవరేమనుకుంటేనేం, ఆనాటి నుంచి ఆ బోదె మీద మాటా మాటా పెరిగింది లేదు. వెంకట్రాజు తన బతుకులో దేనికైనా గర్వపడ్డాడంటే దీనికే.

ఆయనకున్నది బోదె నడిమధ్య మూడెకరాలు. అరవై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అయినా తెల్లారి ఆ గట్టు మీద నాలుగడుగులు వేస్తేగానీ తాగిన కాఫీ అరగదు. చేలో ఆయన చేసే పనేం లేదు, సగం కూలీలు చేస్తే సగం మిషన్లు చేస్తాయి. ఊరికే నిలబడి చూడడమే. ఆ చేను పోతే అరుగు మీద కూర్చుని, లీజు డబ్బులు పడిన మెసేజి వచ్చిందా అని ఫోను చూసుకోవాలి. చెరువులకిచ్చిన రైతులు పక్క ఊళ్ళో అలా కూర్చోవడం ఆయన చూశాడు. పొద్దున్నే ఇస్త్రీ బట్టలు కట్టుకుంటారు, ఎక్కడికీ వెళ్ళరు.

మాఘమాసం వెళ్ళి, రెండో పంట దాళ్వా వరి పొట్ట మీదున్నప్పుడు శ్యామ్ సుందర్ వచ్చాడు. ఉండి దగ్గర చెరువులు చేసే వ్యాపారి. కసిరేవాడో, దౌర్జన్యం చేసేవాడో అయితే ఎంత బాగుండును, అందరూ కలిసి తరిమేసేవారు. ఈయన మెత్తటి మనిషి. పాలకేంద్రం వసారాలో కూర్చుని, పెద్దలందరికీ పేరుపేరునా దండం పెట్టి, బోదె కింది చేలన్నీ చెరువులకు లీజుకిస్తే తీసుకుంటానన్నాడు, లేకపోతే వద్దన్నాడు. మధ్యలో ఎవరి చేనైనా మిగిలిపోతే ఊట కొట్టి ఆ రైతు నాశనమైపోతాడట, ఆ పాపం తనకొద్దట. రెండు పంటలూ కలిపి మిగిలేదానికంటే మిన్నగానే లీజు ఇస్తాడట. పర్మిషన్ల సంగతి తనే చూసుకుంటాడట. ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఇంకో ఊరు చూసుకుంటానని, ఏమీ అనుకోనని కూడా రెండుసార్లు చెప్పాడు.

అందరూ తలలు వంచుకుని చెప్పులవంక చూస్తూ కూర్చున్నారు. వెంకట్రాజు వీరేంద్ర వైపు చూశాడు. కాలువ నుంచి బోదె మొదలయ్యే మొగలో ఆరెకరాలు వీరేంద్రవి. నలభై అయిదేళ్ళవాడు, నోరున్నవాడు. వాడంటాడులే అనుకున్నాడు. తీరా చూస్తే వీరేంద్ర ఆయన వైపే చూస్తున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఊరికొచ్చిన మనిషిని మొహం మీద కాదనడం వెంకట్రాజుకు చేతకాదు, బుద్ధెరిగాక అన్నవాడు కాదు.

“మంచిమాటే చెప్పారండి. పదిమందికీ బాగుంటుందంటే నాదేముందండి, నేనడ్డమా,” అన్నాడు.

తను ఏమీ తేల్చలేదనే ఆయన నమ్మకం. తేల్చేవాళ్ళకు దారి వదిలాననుకున్నాడు. వీరేంద్ర తలూపి, బాబాయిగారు అన్నాక ఇంక మేమనేదేముందండి అన్నాడు. దాంతో మిగతా తలలూ ఊగాయి. ఓరి దేవుడా, వీళ్ళందరికీ ఇచ్చేద్దామనే ఉందన్నమాట అని వెంకట్రాజు లోపల గతుక్కుమన్నాడు. పైకి మాత్రం నవ్వాడు.

శ్యామ్ సుందరే ఇంకో మాట కలిపాడు. నలుగురిలో మొహమాటపడతారు కనుక, ఎవరైనా పెద్దవారు ఇంటింటికీ వెళ్ళి విడివిడిగా కనుక్కుంటే బాగుంటుందన్నాడు. కోతలయ్యాకే సంతకాలకు వస్తానన్నాడు. ఆ పెద్దవారు ఎవరన్నది వేరే చెప్పుకోనక్కర్లేదు. వెంకట్రాజుకు ప్రాణం లేచొచ్చింది. నలుగురిలో అననివాడు నట్టింట్లో అంటాడు. ఇన్ని ఇళ్ళలో ఒక్క ఇల్లు వద్దనకపోతుందా?

ఇంటికెళ్ళి చెబితే నాగరత్నం పకపకా నవ్వింది. ఆమె ఆయన భార్య. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆయన మొహమాటానికి జరిమానాలు కట్టుకుంటూ వస్తున్న మనిషి. అక్కర్లేని ఇన్సూరెన్సు పాలసీలు మొదలుకుని పెళ్ళిళ్ళకు ఎరవిస్తే తిరిగిరాని గుండిగల దాకా ఆ జరిమానాలు చాలానే ఉన్నాయి.

“ఇష్టం లేదని మీరే చెప్పచ్చు కదండి. ఇంకోళ్ళ నోటితో అనిపించడం ఎందుకు?” అంది.

ఆయన ఓపిగ్గా వివరించాడు. తను వద్దంటే అంతటితో ఆగిపోతుంది, నిజమే. కానీ అందరూ కావాలనుకున్నదాన్ని ఒక్కడి మొండితనం చెడగొట్టినట్టవుతుంది. పైకి ఎవరూ ఏమీ అనరు. కడుపులో పెట్టుకుంటారు. రేపు ఏ పెళ్ళి పందిట్లోనో పలకరింపు ఒక పిసరు తగ్గుతుంది, ఎల్లుండి నీళ్ళ దగ్గర ఒక మాట పెరుగుతుంది. ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన పొందిక తన చేతుల మీదుగానే పోతుంది. అదే ఇంకొకరెవరైనా వద్దంటే, వాళ్ళ వెనక తను కొండలా నిలబడతాడు. వాళ్ళను ఒక్కమాట అననివ్వడు.

“మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉంది. నా నోటితో అనిపించకండి,” అని నాగరత్నం వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మొదట వీరేంద్ర ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో వీరేంద్ర ట్రాక్టరు కడుగుతున్నాడు. కడగడమంటే నీళ్ళు కొట్టి వదిలేయడం కాదు, చక్రాల సందుల్లో మట్టిని వేలితో తీస్తున్నాడు. పెద్దాయన్ని చూడగానే తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఎదురొచ్చాడు. వెంకట్రాజు ఎండల గురించి అడిగాడు, తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న వాడి కూతురు ఇందుజ గురించి అడిగాడు, కాఫీ సగం తాగాక ఆ సంగతి ఏమనుకుంటున్నావని మెల్లగా కదిలించాడు. వీరేంద్ర ట్రాక్టరు వంక చూశాడు.

“మీరింత దూరం నడిచొచ్చి అడగాలాండి బాబాయిగారూ. మీ మాట ఎప్పుడన్నా దాటామా?”

అది కాదురా, నీ మనసులో ఏముందని అడిగాడు వెంకట్రాజు. నా మనసులో ఏముంటుందండి, నలుగురితో పాటే అన్నాడు వీరేంద్ర. అంతకంటే గుచ్చి అడిగితే వాడి మాట నమ్మనట్టవుతుంది. వెంకట్రాజు లేచాడు. వీధి మలుపు దాకా వీరేంద్ర తోడొచ్చి, ఏదో చెప్పబోయినట్టే చెప్పబోయి, ఎండ ముదిరిందండి గొడుగు తెచ్చుకోవలసింది అన్నాడు.

మిగతా ఇళ్ళలోనూ ఇదే వరస. పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం ఒక ఇల్లు. ఎక్కడికి వెళ్ళినా మర్యాద మీద మర్యాద. మీ ఇష్టమేనండి అంటారు. మీరెలా అంటే అలాగేనండి అంటారు. ఒక ఇంట్లో ఫణికిరణ్ అనే కుర్రాడు, ‘చెరువైతే మరి మన...’ అని ఏదో అనబోయాడు. వాళ్ళ నాన్న ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుని లోపలికి పోయాడు. ఆ కుర్రాణ్ణి వెనక్కి పిలిచి నువ్వేదో అంటున్నావు అనరా బాబూ అని అడుక్కోవాలనిపించింది వెంకట్రాజుకు. తండ్రి ఎదురుగా అదేం పని? ‘పిల్లలు లెండి’ అని తనే సర్దిచెప్పి బయటపడ్డాడు.

ఇక మిగిలినవి రెండిళ్ళు. అందులో ఒకటి చాంద్ బీది. బోదె కింద ఒక ఎకరం ఆమెది. ఏలూరు పవర్‌పేటలో వాళ్ళకు టైలరింగ్ షాపుండేది. భర్త అహ్మద్ ఆ రోజుల్లో ముచ్చటపడి ఆ ఎకరం కొన్నాడు. ఆయన పోయాక షాపు తీసేశారు గానీ చేను ఉంచుకున్నారు. వెంకట్రాజే దాన్ని కౌలుకు చేసి ఏటా బియ్యం పంపిస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళ సంగతి వేరు, టౌనువాళ్ళు ఉన్నమాట ఉన్నట్టు అంటారు కదా అన్న ఆశతో బస్సెక్కాడు.

చాంద్ బీ కుట్టుమిషను ముందు నుంచి లేచి, అన్నగారూ రండి అని కుర్చీ వేసింది. టీ పెట్టింది, మేడ కింద బేకరీ నుంచి బిస్కెట్లు తెప్పించింది. సంగతంతా విన్నాక గుడ్డముక్కను మడిచి విప్పి మళ్ళీ మడిచింది.

“మా ఆయన పోయినా, ఆ బియ్యం వండుకుంటుంటే ఆయన సంపాదనే తింటున్నట్టుంటుందండి. ఇకనించి కొట్లో కొనుక్కోవాలన్నమాట,” అంది నవ్వుతూ.

వెంకట్రాజు కుర్చీ అంచుకు జరిగాడు. అదిగో, వచ్చేస్తోంది. అయితే వద్దంటారా అమ్మా అన్న మాట నాలిక చివర దాకా వచ్చింది. అంతలో ఆమె తప్పు మాట్లాడినట్టు తడబడి కొంగు సర్దుకుంది. ఊళ్ళో మీరంతా ఒక మాట అనుకున్నాక టౌనులో కూర్చున్న మేము అడ్డం పడితే ఏం బాగుంటుంది అంది. తన కొడుకు సమీర్ బట్టల దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాడు, వాడికి సొంత షాపు పెట్టుకోవాలని ఎప్పటి నుంచో ఉంది, ఇలాగైనా ఆ ముచ్చట తీరుతుంది లెండి అని ఆయన్నే ఓదార్చింది. వెళ్ళేటప్పుడు బిస్కెట్లు పొట్లం కట్టి నాగరత్నానికి ఇమ్మంది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆయన బయటికి చూడలేదు. గుండుగొలనులో దిగేదాకా ఆ పొట్లం వంకే చూస్తూ కూర్చున్నాడు.

అన్నిటికంటే పెద్ద ఆశ నాగదుర్గ మీద పెట్టుకున్నాడు. కావాలనే ఆమెను చివరికి ఉంచాడు. శివారు చేను ఆమెది. మొగుడు పోయి నాలుగేళ్ళు. ఎకరన్నర చేను, రెండు గేదెలు, వాటి పాలు, అదీ ఆమె బతుకు. గేదెలకు మేత ఆ చేలగట్ల మీద గడ్డే. గట్లు పోతే గడ్డి ఉండదు, గడ్డి పోతే గేదెలుండవు. ఈ పిల్ల ఎలాగూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు అనుకుంటూ వెళ్ళాడు. ఆమె కింద చాప మీద కూర్చుని ఆయన చెప్పిందంతా తల వంచుకుని విన్నది.

“బాగా ఆలోచించుకో అమ్మా. గేదెలకు మేత ఉండదు మరి,” అన్నాడు. అంతకంటే స్పష్టంగా చెప్పడం ఆయన వల్ల కాదు.

“మీరు ఆలోచించారు కదండి మావయ్యగారూ. నా గేదెల కోసం ఊరందరి మంచీ ఆపుతానా అండి?”

అని కళ్ళు తుడుచుకుంది. పొయ్యి పొగండి అంది. ఆమెది గ్యాసు పొయ్యి.

వెంకట్రాజు వీధిలోకొచ్చాడు. ఆమెకు ఇష్టం లేదని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? ఆమె అనలేదు. ఆమె అననిదాన్ని తను ఊరి ముందుకు తీసుకెళితే, మావయ్యగారు నన్ను అల్లరిపాలు చేశారంటుంది. పోనీ తనే వద్దనేస్తే? ఇంటింటికీ తిరిగి అందరి చేతా సరే అనిపించి, ఇప్పుడు వద్దంటే వెంకట్రాజుకు మతిపోయిందంటారు. ముందు ఏ దారీ లేదు, వెనక్కి తిరగడానికీ లేదు. కుడితిలో పడ్డ ఎలకకైనా అంచు కనబడుతుందేమో గానీ ఈయనకు అదీ లేదు. పైగా ఆ కుడితి కలిపింది తనే.

ఇక మిగిలింది చెరువులకు పర్మిషనిచ్చే ఆఫీసువాళ్ళు. వాళ్ళైనా కుదరదంటారేమోనని గంపెడాశ పెట్టుకున్నాడు. విచారణకు వచ్చినాయన పంచాయతీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి, అభ్యంతరం ఉన్నవాళ్ళు నిర్భయంగా చెప్పండి, రాసుకుంటానన్నాడు. అందరూ వెంకట్రాజు వైపు చూశారు. వెంకట్రాజు పైకప్పు వైపు చూశాడు. ఇంత ఒద్దికైన ఊరిని నేను ఎక్కడా చూడలేదని ఆయన మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

దాళ్వా కోతలొచ్చాయి. మిషను వచ్చి చేనుకు చేను బోడిగుండు చేసుకుంటూ పోయింది. ప్రతి ఏడూ కోతల్లో వేళాకోళాలు, నీ దిగుబడెంత నా దిగుబడెంతని పందేలు. ఆ ఏడు ఎవరూ నోరు విప్పలేదు. కోత లేనివాళ్ళు కూడా వచ్చి పక్కవాడి గట్టు మీద నిలబడ్డారు. ఎందుకొచ్చావని ఎవరూ ఎవర్నీ అడగలేదు. వెంకట్రాజు మాత్రం, చూశావా, చేతికొచ్చే లీజు గురించి ఆలోచిస్తున్నారు అనుకున్నాడు. మనిషికి బెంగ పట్టుకుంటే కళ్ళు కూడా సరిగా కనబడవు కాబోలు.

సంతకాల రోజు పొద్దున్నే చేలోకి వెళ్ళాడు. కోసిన మోళ్ళ మధ్య మార్తమ్మ రాలిన వెన్నులు, పరిగె ఏరుకుంటోంది. మార్తమ్మ ఊడ్పుల ముఠా మేస్త్రి. ఆ బోదె కింద నాట్లన్నీ ఆమె, ఆమె వెంట వచ్చే ఆడవాళ్ళే వేస్తారు. ఆయన్ని చూసి నడుం నిలబెట్టి, ఇవాళే కదండి సంతకాలు అంది. అవునన్నట్టు తలాడించాడు.

“ఇన్నేళ్ళు ఈ చేలల్లో వంగున్నాం. మమ్మల్నెవరూ అడగలేదేంటండి?”

వెంకట్రాజు ఎక్కిన ఇళ్ళన్నీ మనసులో లెక్కేసుకున్నాడు. నిజమే. భూమి ఉన్న గుమ్మాలన్నీ ఎక్కాడు. ఏలూరు కూడా వెళ్ళొచ్చాడు. వీళ్ళ పేట వైపు కాలు పెట్టాలన్న ఆలోచనే రాలేదు. అడిగితే ఏమనేదానివని అడిగాడు.

“వద్దనేదాన్నండి. మేమేం తినాలండి మరి? మేమే కాదండి, మీవోళ్ళు మాత్రం? దుర్గమ్మగారింట్లో ఏడుపు, ఈరేంద్రగారింట్లో అన్నం మెతుకు దిగటంలేదండి. ఇదేంటమ్మా, వద్దనచ్చుగా అంటే, పెద్దాయన మనసుపడ్డారే, అంతటోరు ఇంటికొచ్చి అడిగాక ఎలాగే అంటున్నారండి.” ఆమె చేతిలో వెన్నులు ఒళ్ళో వేసుకుని ఆయన మొహంలోకి చూసింది. “మీకెందుకండి దాని మీద అంత మనసైంది?”

వెంకట్రాజు గట్టు మీద కూలబడ్డాడు. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తను వాళ్ళ కోసం నోరు మూసుకున్నాడు, వాళ్ళు తన కోసం నోరు మూసుకున్నారు. ఎవరికీ అక్కర్లేని చెరువును అందరూ కలిసి, ఎంతో మర్యాదగా, నెత్తికెత్తుకున్నారు. కాళ్ళీడ్చుకుంటూ దాన్ని ఇంటింటికీ మోసింది తనే. అయితేనేం, ఇంకా ఏమీ మించిపోలేదు. సంతకాలు కాలేదు. గబుక్కున లేచాడు. మోకాళ్ళ సంగతి కూడా మరిచిపోయి చేల మధ్య పుంతదారి పట్టి పాలకేంద్రానికి నడిచాడు. నడుస్తుంటే ఛాతీ తేలికైపోయింది. ఎన్ని నెలలైందో అలా గాలి పీల్చుకుని.

వసారా నిండా జనం. ఏలూరు నుంచి చాంద్ బీ, సమీర్ కూడా వచ్చారు. శ్యామ్ సుందర్ కాగితాలు బల్ల మీద సర్ది, మీకోసమే చూస్తున్నామండి అని లేచి నిలబడ్డాడు. వెంకట్రాజు కూర్చోలేదు. చెమట తుడుచుకోలేదు. కూర్చుంటే, ఎవరైనా మంచినీళ్ళిస్తే, తను మళ్ళీ మామూలు వెంకట్రాజు అయిపోతాడని భయం.

“నాకిష్టం లేదండి,” అన్నాడు. “మొదటినుంచీ లేదు. మీకు ఇష్టమనుకుని ఊరుకున్నాను. మీరేమో నాకు ఇష్టమనుకుని ఊరుకున్నారు. ఇందాకే తెలిసింది. మనకెవరికీ ఇష్టం లేనిది మనకెందుకు? వద్దనేద్దాం.”

ఆయన ఒక్కొక్క మొహమే చూశాడు. ఇదిగో, ఇప్పుడు నవ్వుతారు, ఇదిగో, ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటారు. వీరేంద్ర నెమ్మదిగా లేచాడు.

“మొన్న ఈ మాట అనుంటే మీ కాళ్ళకు దండం పెట్టేవాణ్ణండి బాబాయిగారూ. ట్రాక్టరు అమ్మేశాను. నిన్న సాయంత్రం తోలుకుపోయారు.”

వీరేంద్ర అలా మొదలుపెట్టాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు, గొంతు పెంచకుండా, ఆయన కళ్ళలోకి చూడకుండా. పెద్దాయన ఇంటికొచ్చి అడిగి వెళ్ళాక ఇక అయిపోయినట్టేనని ఎవరి సర్దుబాటు వాళ్ళు చేసుకున్నారు. ఇక్కడ మాటంటే మాటే, కాగితం దాకా ఆగేవాళ్ళు కాదు. సమీర్ దుకాణంలో ఉద్యోగం మానేశాడు. పవర్‌పేటలో గది తీసుకుని బోర్డు కూడా రాయించేశాడు. పాత చోటికి వెళితే వాళ్ళు మళ్ళీ తీసుకోరు. ఇంకొకాయన వేరే ఊళ్ళో కౌలుకు చేస్తున్న చేను కూడా వదిలేసుకున్నాడు. సేద్యం ఇక ఉండదు, చేతిపని నేర్చుకోవాలని ఫణికిరణ్‌ను బడి మాన్పించి మెకానిక్ పనిలో పెట్టారట. అందరూ చెప్పేది వింటూ వెంకట్రాజు బల్ల అంచు పట్టుకున్నాడు.

నాగదుర్గ అందరికీ వెనక, గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు. నీకైనా ఉన్నాయి కదమ్మా గేదెలు అన్నట్టు చూశాడు. ఆమె రెండడుగులు ముందుకొచ్చింది.

“గేదెల్ని ఇచ్చేశానండి. మేత లేకుండా ఎండగట్టలేక, ముందే ఇచ్చేశాను.” ఇంకో అడుగు బల్ల వైపు వేసింది. “ఇప్పుడు వద్దండి మావయ్యగారూ. ఇప్పుడు మీరు కాదనకండి.”

ఆ బోదె మీద ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు. ఎంత మెత్తగా చెప్పిందో, ఎంత భయపడుతూ చెప్పిందో. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చెప్పింది. వెంకట్రాజుకు తన చేను కనబడలేదు, తన మోకాళ్ళు కనబడలేదు. తనిప్పుడు వద్దంటే వీళ్ళు వద్దన్నట్టే తలూపుతారని మాత్రం కనబడింది. తలూపుతారు, ట్రాక్టరు లేకుండా, గేదెలు లేకుండా, ఉద్యోగం లేకుండా ఇళ్ళకు పోతారు, రేపు తను ఎదురైతే నమస్కారం కూడా పెడతారు.

శ్యామ్ సుందర్ కాగితాలు ఒక పక్కకు జరిపి, ఇబ్బందిగా కూర్చున్నాడు. ఇష్టం లేకపోతే బలవంతం ఏమీ లేదండి, నేనేమీ అనుకోనండి అన్నాడు మళ్ళీ. ఆయన నిజంగానే అనుకోడు, అదొకటి. ఎవరో కుర్చీ దులిపి వెంకట్రాజు వెనక వేశారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఆయన కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“అందరికీ ఇష్టమేనాండి మరి?” అని అడిగాడు శ్యామ్ సుందర్, చివరిసారిగా.

ఇష్టమేనండి అన్నారు అందరూ. అందరికంటే ముందు అన్నది వెంకట్రాజే.